పదిహేడో హోల్ దగ్గర డ్రైవర్

2022 ఫిబ్రవరి 13, ఆదివారం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, స్కాట్స్‌డేల్ పట్టణం. ఎండ పడమటికి వాలుతోంది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో అప్పటికి సోమవారం తెల్లవారుజాము. ఊళ్లు ఇంకా నిద్ర లేవలేదు.

గోల్ఫ్ మైదానం పదిహేడో హోల్ టీ మీద, అంటే ఆ హోల్ మొదటి షాట్ కొట్టే చోట, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు నిలబడ్డాడు. పేరు సాహిత్ తీగల. నాన్న మురళి, అమ్మ కరుణ హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. సాహిత్ అక్కడే పుట్టాడు, చినో హిల్స్‌లో పెరిగాడు. ఆ రోజు గోల్ఫ్ మైదానంలో తాళ్ల అవతల నడుస్తున్న జనంలో ఆ అమ్మానాన్నలు కూడా ఉన్నారు.

పోటీ పేరు ఫీనిక్స్ ఓపెన్. గోల్ఫ్ ప్రపంచంలో ఇంత గోలగా సాగే పోటీ మరొకటి లేదు. పదహారో హోల్ చుట్టూ స్టేడియంలా గ్యాలరీలు కట్టారు, వేల మంది పడతారు. మామూలుగా గోల్ఫ్‌లో ఆటగాడు బంతి ముందు నిలబడితే జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇక్కడ మాత్రం అరుస్తారు, పాడతారు, షాట్ బాగోలేకపోతే మొహం మీదే ఎగతాళి చేస్తారు. ఆ రొద దాటుకుని సాహిత్ పదిహేడో టీకి వచ్చాడు.

అసలు ఆ పోటీలో ఆడే అర్హత అతనికి నేరుగా రాలేదు. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో అది అతని మొదటి పూర్తి సీజన్. నిర్వాహకులు ప్రత్యేక ఆహ్వానం ఇస్తే వచ్చాడు. అలా వచ్చినవాడి పేరు శుక్రవారం సాయంత్రం జాబితాలో అన్నిటికన్నా పైన ఉంది. శనివారం సాయంత్రమూ అక్కడే ఉంది. ఆదివారం, నాలుగు రోజుల ఆటలో డెబ్బై హోల్స్ పూర్తయ్యేసరికి, పార్ (హోల్స్‌కు నిర్ణయించిన షాట్ల లెక్క) కన్నా 16 తక్కువతో అగ్రస్థానాన్ని పంచుకుంటున్నాడు. మిగిలినవి రెండే హోల్స్. అతనితో పోటీ పడుతున్నది అంతకు ముందు ఏడాది టూర్ సీజన్ టైటిల్ ఫెడెక్స్ కప్ గెలిచిన పాట్రిక్ కాంట్లే, అప్పటికి పీజీఏ టూర్‌లో ఒక్క గెలుపూ లేని స్కాటీ షెఫ్లర్.

ఆ పదిహేడో హోల్ పొడవు 332 గజాలు, మన లెక్కలో 300 మీటర్లకు కాస్త పైన. కరీంనగర్‌లో మానేరు మీది కేబుల్ బ్రిడ్జి ఒక చివర నిలబడి కొడితే బంతి సగం వంతెన దాటిపోవాలి. పైగా ఎటో పోతే సరిపోదు, రంధ్రం ఉండే నున్నటి గడ్డి, గ్రీన్ మీద ఆగాలి. ఆ గ్రీన్‌కు ఎడమ పక్కనా వెనకా నీళ్లు. మైదానం గీసిన టామ్ వైస్‌కాఫ్, జే మోరిష్ కావాలనే అలా పెట్టారు. ఒక్క షాట్‌తో గ్రీన్ చేరవచ్చని ఆటగాడికి ఆశ పుట్టాలి, ఆశ పడినవాడు నీళ్లకూ భయపడాలి. అదే ఆ హోల్ కిటుకు.

సాహిత్ ముందు రెండు దారులు. దూరం తక్కువైనా అదుపు ఎక్కువుండే ఐరన్ క్లబ్ తీసి, బంతిని నీళ్లకు దూరంగా కత్తిరించిన గడ్డి దారి, ఫెయిర్‌వే మీద ఆపి, రెండో షాట్ చిన్న క్లబ్‌తో గ్రీన్ మీదికి వేయడం ఒకటి. పార్ దాదాపు ఖాయం, బర్డీకి (పార్ కన్నా ఒకటి తక్కువ) ఓ అవకాశం. బ్యాగులో అన్నిటికన్నా పొడవైన క్లబ్, డ్రైవర్ తీసి నేరుగా గ్రీన్‌కే కొట్టడం రెండోది. తగిలితే బర్డీ చేతికందినట్టే, అదృష్టం బాగుంటే ఈగిల్ (రెండు తక్కువ).

డ్రైవర్ తీశాడు.

బంతి బాగానే తగిలింది. గాలిలో దాని దారి చూసిన జనం కేకలు మొదలుపెట్టారు. కానీ గ్రీన్‌కు ఎడమ వైపు నేలను తాకిన బంతి ముందుకు దొర్లలేదు. విసురుగా ఎడమకు ఎగిరి, దొర్లి, నీళ్లలో పడింది.

అక్కడికి నడిచి వెళ్లడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గోల్ఫ్‌లో ఉన్న కాఠిన్యం ఇదే. క్రికెట్‌లో అవుటైనవాడు పెవిలియన్‌కు వెళ్లిపోతాడు. ఇక్కడ మాత్రం తప్పు జరిగిన చోటికే నడిచి వెళ్లి, ఒక షాట్ జరిమానా కట్టి, మళ్లీ బంతి పెట్టుకుని ఆడాలి. సాహిత్ ఆడాడు. నాలుగు కావలసిన చోట ఐదు అయింది, బోగీ. చివరి హోల్‌లో బర్డీ పడితే సమంగా నిలిచి, విజేతను తేల్చే ప్లే ఆఫ్‌కు వెళ్లేవాడు. పార్ దగ్గరే ఆగిపోయాడు.

కాంట్లే, షెఫ్లర్ 16 తక్కువతో ప్లే ఆఫ్ ఆడారు. ఆ ప్లే ఆఫ్ మూడో హోల్‌లో షెఫ్లర్ గెలిచాడు. అది అతని తొలి టైటిల్. రెండు నెలలు తిరగకముందే ప్రపంచ నంబర్ వన్ అయి, ప్రతిష్ఠాత్మక మాస్టర్స్ పోటీ కూడా గెలిచాడు. 15 తక్కువతో మూడో స్థానం పంచుకున్న ముగ్గురిలో సాహిత్ ఒకడు. ఒక్క షాట్ తేడా. ఆట ముగిశాక అమ్మానాన్నలను పట్టుకుని ఏడ్చాడు. షాట్ బాగానే కొట్టానని, బంతి అలా ఎడమకు ఎందుకు మళ్లిందో అంతుబట్టలేదని విలేకరులతో చెప్పాడు.

ఆ సాయంత్రం నుంచే వాదన మొదలైంది. ఐరన్ కొట్టి ఉంటే గెలిచేవాడా? కుర్రతనంతో డ్రైవర్ తీశాడా? గోల్కొండ కోట పక్క నయా ఖిల్లాలో ఆడేవాళ్లకు, గచ్చిబౌలి బండరాళ్ల మధ్య బౌల్డర్ హిల్స్‌లో ఆడేవాళ్లకు ఇది కొత్త వాదన కాదు. ప్రతి వారాంతం మొదటి టీ మీద నడిచేదే. డ్రైవర్ ముఖం చాలా తక్కువ వాలుతో ఉంటుంది, మామూలుగా పది డిగ్రీలకు అటూ ఇటూ. వాలు తగ్గేకొద్దీ బంతికి పక్క తిరుగుడు ఎక్కువవుతుంది. కొట్టడంలో చిన్న తేడా వస్తే చాలు, బంతి పొదల్లోకి పోతుంది. అందుకే దాన్ని బ్యాగులోంచి తీయవద్దనే పెద్దలు ఉంటారు, అది లేకుండా గోల్ఫ్ ఏమిటనే కుర్రాళ్లూ ఉంటారు.

డ్రైవర్ వద్దనేవాళ్ల దగ్గర రెండు గట్టి కథలున్నాయి.

మొదటిది 1999 బ్రిటిష్ ఓపెన్, స్కాట్లండ్‌లోని కార్నూస్టీ. ఫ్రాన్స్ ఆటగాడు ఝాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌కు మూడు షాట్ల ఆధిక్యంతో వచ్చాడు. ఆరు కొట్టినా కప్పు అతనిదే. డ్రైవర్ తీశాడు, ఏడు కొట్టాడు, ప్లే ఆఫ్‌లో పాల్ లారీ చేతిలో ఓడిపోయాడు. ఇరవై ఏళ్లు దాటినా గోల్ఫ్ ఆడేవాళ్లు ఈ పేరు ఎత్తితే తల పట్టుకుంటారు. అయితే ఆ కథను సగమే చెబుతున్నారని నాకు అనిపిస్తుంది. ఆ డ్రైవర్ షాట్ కుడికి పోయినా బంతి ఆడుకోదగ్గ చోటే పడింది. అసలు నష్టం రెండో షాట్‌తో మొదలైంది. దూరంగా ఉన్న గ్రీన్‌కే గురిపెట్టి ఐరన్‌తో కొడితే బంతి గ్యాలరీకి తగిలి వెనక్కి, దట్టమైన గడ్డిలోకి వచ్చి పడింది. మూడోది బ్యారీ బర్న్ అనే వాగులోకి పోయింది. శిక్ష డ్రైవర్‌కు వేశారు, నేరం మాత్రం దాని తర్వాతి షాట్లది.

రెండోది 2006లో రాయల్ లివర్‌పూల్, అంటే హోయ్‌లేక్ మైదానం. ఆ ఏడాది మే నెలలోనే తండ్రిని పోగొట్టుకున్న టైగర్ వుడ్స్ అక్కడ నాలుగు రోజుల్లో డ్రైవర్ తీసింది ఒక్కసారే. 18 తక్కువతో, రెండు షాట్ల తేడాతో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. తెలివంటే అదీ, అంటారు. నిజమే, తెలివే. కానీ ఆ వేసవిలో హోయ్‌లేక్ గడ్డి ఎండి గోధుమ రంగుకు తిరిగింది. నేల గట్టిపడి ఐరన్‌తో కొట్టిన బంతి కూడా చాలా దూరం దొర్లింది. ఫెయిర్‌వే పక్కనున్న బంకర్లలో, అంటే ఇసుక గుంటల్లో, పడితే ముందుకు కాదు, పక్కకు కొట్టుకుని బయటపడాల్సి వచ్చేది. ఆ మైదానం, ఆ వాతావరణం, ఆ చేతులు కలిస్తే వచ్చిన నిర్ణయం అది. టైగర్ ఐరన్‌తో పంపిన దూరానికి మన వారాంతపు ఆటగాడు డ్రైవర్‌తో కూడా పంపలేడు. అతన్ని చూసి డ్రైవర్ ఇంట్లో పెట్టి వస్తే, మిగిలేది గ్రీన్‌కు మరింత దూరం నుంచి ఆడే రెండో షాట్.

ఇక లెక్కలు చెప్పేది ఇంకోటి. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ పీజీఏ టూర్ షాట్లను ఒక్కొక్కటిగా కొలిచి విశ్లేషించాడు. మేటి ఆటగాళ్లను మిగతావాళ్ల నుంచి వేరు చేసేది గ్రీన్ మీద బంతిని రంధ్రంలోకి దొర్లించే పుటింగ్ అని అందరూ నమ్ముతున్న కాలమది. ఆ తేడాలో దాదాపు మూడింట రెండొంతులు గ్రీన్‌కు 100 గజాల అవతల నుంచి కొట్టే షాట్లవేనని బ్రోడీ తేల్చాడు. దూరం కొట్టగలిగినవాడు ఆ బలాన్ని దాచుకుంటే రోజులో ఏదో ఒక హోల్‌లో మంచిదేమో, నాలుగు రోజుల్లో నష్టమే.

స్కాట్స్‌డేల్ పోటీ జరిగిన మూడు నెలలకు, మే 22న, తుల్సాలో ఇంకో కుర్రాడికి ఇంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. చిలీ దేశస్థుడు మిటో పెరీరా. పీజీఏ చాంపియన్‌షిప్ చివరి హోల్‌కు ఒక్క షాట్ ఆధిక్యంతో వచ్చి డ్రైవర్ తీశాడు. బంతి కుడి పక్క వాగులో పడింది. డబుల్ బోగీ. ప్లే ఆఫ్‌కు కూడా వెళ్లలేకపోయాడు. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ఆ ఏడాది తీసిన 'ఫుల్ స్వింగ్' సిరీస్‌లో సాహిత్, పెరీరా కథలను ఒకే భాగంలో చూపించారు.

సాహిత్ కష్టాలు అంతటితో ఆగలేదు. జూన్ 26న కనెటికట్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్. పదిహేడో హోల్‌లో బర్డీ కొట్టి ఒక షాట్ ముందుకు వచ్చాడు. ఇక పద్దెనిమిదో హోల్ ఒక్కటే. మొదటి షాట్ ఎడమ పక్క బంకర్‌లో, గట్టుకు దగ్గరగా పడింది. రెండోది గట్టుకు తగిలి మళ్లీ ఇసుకలోకే వచ్చింది. డబుల్ బోగీ. వెనక నుంచి వచ్చిన జాండర్ షాఫ్లీ గెలిచాడు. ఒకే ఏడాది, అయిదు నెలల లోపు, రెండుసార్లు కప్పు అంచు దాకా వచ్చి వెళ్లిపోయింది.

ఇలాంటి రెండు దెబ్బల తర్వాత మనిషి జాగ్రత్తపరుడవుతాడు. చేతులు బిగుసుకుంటాయి, క్లబ్ ఎంచుకునేటప్పుడు నీళ్లే కనిపిస్తాయి. సాహిత్ ఆట అలా ముడుచుకోలేదు. 2023 ఏప్రిల్‌లో మాస్టర్స్‌లో తొలిసారి ఆడి తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. ఆగస్టా మైదానం పదహారో హోల్‌లో గ్రీన్ బయట నుంచి అతను కొట్టిన చిప్ కొండవాలు ఎక్కి, వంపు తిరిగి, రంధ్రంలో పడితే, 2005లో అదే హోల్‌లో టైగర్ ఇలాంటి చిప్‌తోనే చేసిన అద్భుతం అందరికీ గుర్తొచ్చింది.

2023 సెప్టెంబర్ 17, ఆదివారం. కాలిఫోర్నియా, నాపా, సిల్వరాడో మైదానం. ఫార్టినెట్ చాంపియన్‌షిప్ చివరి రోజు. మళ్లీ ముందున్నాడు, మళ్లీ కుటుంబం వెంట నడిచింది. ఈసారి చివరి హోల్స్‌లో నాటకం ఏమీ జరగలేదు. ఆ రోజు 68 కొట్టాడు, మొత్తం 21 తక్కువ. రెండు షాట్ల తేడాతో పీజీఏ టూర్‌లో తొలి గెలుపు. ఈసారీ నాన్నను కౌగిలించుకున్నాడు. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో ప్రెసిడెంట్స్ కప్‌కు అమెరికా జట్టులో చోటు దక్కింది.

         

మళ్లీ స్కాట్స్‌డేల్ పదిహేడో హోల్ సంగతికి వస్తే, నా తీర్పు ఇది: ఆ రోజు డ్రైవర్ తీయడం సరైన నిర్ణయమే. నీళ్లు ఎక్కడున్నాయో అతనికి తెలుసు, తన షాట్ ఎంత దూరం పోతుందో తెలుసు, పోటీ పడుతున్నవాళ్లు ఎలాంటివాళ్లో తెలుసు. తెలిసి ఎంచుకున్నాడు, ఎంచుకున్నట్టే కొట్టాడు. ఆ తర్వాత నేల ఏం చేసిందన్నది అతని చేతిలో లేదు. అదే బంతి కుడికి ఎగిరి గ్రీన్ ఎక్కి ఉంటే, ఇవాళ తప్పు పట్టినవాళ్లే ధైర్యమంటే అదీ అనేవారు.

కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల్లో పిల్లలకు శిక్షణ ఇస్తున్న గురువులకు ఒక మనవి. మీ పిల్లలు ఆడేది గోల్ఫ్ కాకపోవచ్చు. అయినా వీలు చూసుకుని ఆ స్కాట్స్‌డేల్ ఆఖరి రోజు దృశ్యాలు వాళ్లకు చూపించండి. సాహిత్ పదిహేడో టీ మీదికి రాగానే వీడియో ఆపండి. స్కోరు ఎంతో, నీళ్లు ఎటున్నాయో, ఎన్ని హోల్స్ మిగిలాయో చెప్పి, మీరైతే ఏ క్లబ్ తీసేవారని అడగండి. ఎందుకో కూడా చెప్పించండి. అందరూ చెప్పడం పూర్తయ్యాకే బంతి ఎక్కడ పడిందో చూపించండి.