పది డాలర్లకు అమ్ముడైన మంచుకొండ

2022 జూన్‌లో విశాఖపట్నం రేవుకి ‘ఎంప్రెస్’ అనే విహార నౌక వచ్చింది. విశాఖ, పుదుచ్చేరి, చెన్నై తిప్పి తీసుకొచ్చే కార్డీలియా సంస్థ క్రూజ్ అది. మన తీరంలో ఓడెక్కడమంటే అంతకుముందు పోర్ట్‌బ్లెయిర్ ప్రయాణం. ఇంకా వెనక్కి వెళ్తే పొట్ట చేతపట్టుకుని రంగూన్ పోవడం. ఊరికే సముద్రం మీద తిరిగి రావడానికి టికెట్ కొనడం మనకి కొత్త కాబట్టి, ఎక్కినవాళ్లు చేతిలో ఫోను దించకుండా ఫొటోలు తీసుకున్నారంటే ఆశ్చర్యం లేదు. అయితే ఆ ఓడ మాత్రం పాతదే. 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజేర్‌లో తయారై, ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో రాయల్ కరీబియన్ కంపెనీ కోసం మయామీ నుంచి బహామాస్‌కి మూడు నాలుగు రోజుల ట్రిప్పులు కొట్టింది. క్రూజ్ ఫొటోల వ్యాపారం బాగా పుంజుకున్న కాలం అదే.

ఆ వ్యాపారం నడిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఓడెక్కే మెట్ల దగ్గరే మొదలు. పెట్టెలు మోసుకుని, చెమటలు కక్కుతూ వచ్చిన కుటుంబాన్ని ఓడ పేరు రాసిన తెర ముందు నిలబెట్టి ఒకటి తీస్తారు. వద్దనే ఓపిక ఎవరికీ ఉండదు. రాత్రి భోజనాల బల్ల దగ్గర ఒకటి. సూటూ గౌనూ వేసుకునే ప్రత్యేక రాత్రి, సూర్యాస్తమయం బొమ్మ గీసిన తెర ముందు ఇంకొకటి. బయట నిజం సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నా సరే, లోపల తెర మీద సూర్యుడే కావాలి. తిరనాళ్లలో అట్ట విమానం ఎక్కించి తీసే ఫొటోకీ దీనికీ పెద్ద తేడా లేదు, ధరలో తప్ప. రేవులో దిగేటప్పుడు సముద్రపు దొంగ వేషగాడో, డాల్ఫిన్ బొమ్మ తొడుక్కున్న మనిషో వచ్చి మీ భుజం మీద చెయ్యి వేస్తాడు. మీరు అడగలేదు, అయినా ఫొటో తయారు.

అసలు కిటుకు తర్వాత ఉంటుంది. ఫిల్ము రోజుల్లో ఈ ఫొటోలన్నీ ఓడలోనే రాత్రికి రాత్రి కడిగి, అందరివీ ప్రింట్లు వేసి, తెల్లారేసరికి భోజనశాలకి వెళ్లే దారిలో బోర్డుల నిండా గుచ్చేవారు. కొంటారో కొనరో తెలియకుండానే ముందుగా ప్రింటు వేయడం పైకి దండగలా కనిపిస్తుంది. కానీ పిల్లలతో కలిసి నవ్వుతున్న మీ బొమ్మ వేలమంది నడిచే దారిలో వేలాడుతుంటే వదిలి వెళ్లడం కష్టం. మీరు కొనకపోతే అది చెత్తలోకి పోతుందని మీకు తెలుసు. అందుకే ఆఖరి రాత్రి గ్యాలరీ కిటకిటలాడేది. కాగితం ఖరీదు ఎంతో అందరికీ తెలుసు. అయినా ఒక్కో ప్రింటుకి అంతకు ఎన్నో రెట్లు ఇచ్చి కొంటూనే ఉండేవారు. తీసే కుర్రాళ్ల సంపాదన కూడా అమ్మకాల మీద వచ్చే కమీషన్‌తో ముడిపడి ఉండడం మామూలు. ఆ చిరునవ్వులనీ బలవంతాలనీ నేను పెద్దగా తప్పుపట్టను.

ఓడ ప్రయాణం ఇలా విహారంగా మారడానికి మూలం విమానం. 1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు ఎగరడం మొదలయ్యాక, ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకి చేర్చే ఓడలకు పని పోయింది. 1972లో టెడ్ ఆరిసన్ ‘మార్డీ గ్రా’ అనే పాత ఓడతో కార్నివాల్ కంపెనీ మొదలుపెట్టాడు. తొలి ప్రయాణంలోనే అది మయామీ రేవు బయట ఇసుక మేటలో ఇరుక్కుంది. కంపెనీ మాత్రం నిలబడి, ఆ రంగంలో అందరికంటే పెద్దదైంది. టికెట్ చవకగా ఇచ్చి, ఎక్కాక బారులో, జూదశాలలో, దుకాణాల్లో రాబట్టుకోవడం ఈ ఓడల బతుకుతెరువైంది. ఆ జాబితాలో ఫొటో కూడా చేరింది.

ఆ ఫొటోల వ్యాపారానికి ఇంకో ఖర్చూ ఉండేది. ఫొటోలు కడిగిన రసాయనాలు ఎక్కడికి పోతాయి? 1999లో అమెరికా ప్రభుత్వం పెట్టిన కేసులో రాయల్ కరీబియన్ 21 నేరాలు ఒప్పుకుని, 1 కోటి 80 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. వాడేసిన నూనెతోపాటు ఫొటో ల్యాబుల నుంచీ, బట్టలు డ్రైక్లీనింగ్ చేసే చోటు నుంచీ వచ్చిన ప్రమాదకర రసాయనాలను నీళ్లలో కలిపేశారన్నది అభియోగం. అంతకు ఏడాది ముందు మరో కేసులో కట్టిన జరిమానా 90 లక్షల డాలర్లు. దాని పునాది 1993 ఫిబ్రవరిలో పడింది. బహామాస్ దగ్గర ఒక ఓడ వెనకాల నూనె చార తేలడం అమెరికా తీరరక్షక దళ విమానం కంటపడింది. ఆ ఓడ నార్డిక్ ఎంప్రెస్, మన విశాఖకి వచ్చినదే.

డిజిటల్ కెమెరా ఆ రసాయనాల గొడవ తీర్చేసింది. ముఖం చూసి ఎవరి ఫొటోలు వాళ్లకి తెర మీద చూపించే యంత్రాలొచ్చాక, ముందే ప్రింట్లు వేసి పారేసే అవసరమూ తగ్గింది. జేబులో ఫోను ఉన్న మనిషికి ఫొటో అమ్మడం ఎలాగన్నదే ఇప్పుడు ఆ గ్యాలరీల బెంగ.

ఒక సంగతి గమనించండి. కంపెనీ కెమెరా ఎప్పుడూ ప్రయాణికుడి ముఖం వైపే తిరిగి ఉంటుంది, ఎందుకంటే దాన్ని కొనేది అతనే. ఓడనీ సముద్రాన్నీ పక్కనున్న మనుషుల్నీ చూసింది ప్రయాణికుల కెమెరాలే. మొదట్లో కంపెనీలు కూడా ఫొటోలు తీయడం ప్రయాణికుల పనే అనుకున్నాయి. జర్మనీలోని హాంబర్గ్ అమెరికా లైన్ అధిపతి ఆల్బర్ట్ బాలిన్ కేవలం విహారం కోసమే కట్టించిన తొలి ఓడ ‘ప్రిన్సెస్సిన్ విక్టోరియా లూయిసె’ 1900లో నీట దిగింది. అందులో గ్రంథాలయం, వ్యాయామశాలతోపాటు, సొంత కెమెరా తెచ్చుకునేవాళ్ల కోసం ఒక డార్క్‌రూమ్ పెట్టించాడు. కడుక్కోండి, మీ బొమ్మలు మీవే అన్నట్టు. 1906లో జమైకా దగ్గర రాళ్లకెక్కి ఆ ఓడ పోయింది. ప్రయాణికులంతా బతికారు. కెప్టెన్ మాత్రం తుపాకీతో కాల్చుకున్నాడు.

అదే 1900లో కోడక్ వాళ్ల బ్రౌనీ వచ్చింది. ధర ఒక డాలరు. అట్టపెట్టెలాంటి ఆ కెమెరాతో ఫొటో తీయడం పిల్లలకూ పట్టుబడింది. పన్నెండేళ్లు తిరిగేసరికి, ఒకే వారంలో రెండు ఓడల మీద, ఇద్దరు ప్రయాణికులు తీసిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది.

మొదటివాడు ఫ్రాన్సిస్ బ్రౌన్. ఐర్లండ్‌లో జెస్యూట్ మఠంలో చదువుకుంటున్నవాడు. బిషప్‌గా ఉన్న బాబాయి కొనిచ్చిన టికెట్‌తో 1912 ఏప్రిల్ 10న సౌతాంప్టన్‌లో టైటానిక్ ఎక్కాడు. వ్యాయామశాలలో గురువునీ, డెక్కు మీద బొంగరం తిప్పే పిల్లాణ్నీ, వైర్‌లెస్ గదినీ ఫొటోలు తీశాడు. పరిచయమైన అమెరికన్ దంపతులు న్యూయార్క్ దాకా ఖర్చు మేం పెట్టుకుంటాం రమ్మన్నారు. అనుమతి కోరుతూ పెద్దలకి తంతి కొడితే, దిగి రమ్మని కటువుగా జవాబొచ్చింది. ఏప్రిల్ 11న క్వీన్స్‌టౌన్‌లో దిగిపోయాడు. తర్వాత కోడక్ అతనికి జీవితాంతం ఉచితంగా ఫిల్ము ఇచ్చింది. 1960లో ఆయన పోయాక మరచిపోయిన ట్రంకుపెట్టె 1985లో దొరికింది, అందులో దాదాపు 42,000 నెగెటివ్‌లు!

బ్రౌన్ టైటానిక్ దిగిన రోజునే అట్లాంటిక్ అవతలి ఒడ్డున, న్యూయార్క్‌లో, బెర్నిస్ పామర్ అనే కెనడా అమ్మాయి తల్లితో కలిసి కార్పాథియా ఓడ ఎక్కింది. వయసు 17. మధ్యధరా సముద్రం చుట్టిరావడానికి బయలుదేరిన విహారయాత్ర. చేతిలో ఆ మధ్యే కానుకగా వచ్చిన బ్రౌనీ. నాలుగు రోజులకి, ఏప్రిల్ 15 తెల్లవారుజామున, కెప్టెన్ ఆర్థర్ రోస్ట్రన్ ఓడ దారి మళ్లించి, మునిగిపోయిన టైటానిక్ లైఫ్‌బోట్ల దగ్గరికి చేర్చాడు. వెలుతురొచ్చేసరికి చుట్టూ మంచుకొండలు, వాటి మధ్య పడవలు. సుమారు 700 మందిని పైకి చేదుకున్నారు. బెర్నిస్ ఒక మంచుకొండని ఫొటో తీసింది. అరువు బట్టల్లో, కంబళ్లలో డెక్కు మీద కూర్చున్న మనుషుల్ని తీసింది. టైటానిక్‌ని ముంచిన కొండ అదేనని చెప్పుకుంటూ వచ్చారు గానీ, ఆ చుట్టుపక్కల కొండలు ఒకటీ రెండూ కావు కాబట్టి నాకు కొంచెం అనుమానమే.

యాత్ర ఆగిపోయి ఓడ న్యూయార్క్‌కి వెనుదిరిగింది. రోస్ట్రన్ వైర్‌లెస్‌ని పత్రికలకి అందకుండా చేశాడు, విలేకరుల్ని ఓడ ఎక్కనివ్వలేదు. సెలవు మీద భార్యతో ప్రయాణిస్తున్న కార్లోస్ హర్డ్ అనే విలేకరి అదే ఓడలో ఉండడం యాదృచ్ఛికం. దొరికిన కాగితాల మీద రాసి, చుట్టల పెట్టెలో పెట్టి, మునగకుండా షాంపేన్ బిరడాలు కట్టి, తన పత్రికకి సోదర పత్రిక పంపిన పడవలోకి విసిరాడు. మాటలు అలా బయటపడ్డాయి. ఇక కావలసింది ఫొటోలు.

ఏప్రిల్ 18 రాత్రి ఓడ రేవుకొచ్చేసరికి ఊరంతా ఫొటోల కోసం ఎదురుచూస్తోంది. స్టీరియోస్కోప్ బొమ్మలు లక్షల్లో అమ్మి పేరుపడ్డ అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ కంపెనీ బెర్నిస్‌తో బేరం కుదుర్చుకుంది. ప్రచురించే హక్కుకి 10 డాలర్లు. ఫిల్ము కడిగి, ప్రింట్లు వేసుకుని, పనైపోయాక ఫొటోలు తిరిగిచ్చేస్తామని మాట. తొలి బ్రౌనీ ధరతో చూస్తే పది కెమెరాల డబ్బు, పదిహేడేళ్ల పిల్లకి తక్కువేమీ అనిపించి ఉండదు. ఆ మంచుకొండ విలువ ఏమిటో ఇద్దరిలో ఒకరికే తెలుసు.

కెమెరాని ఆమె పారేయలేదు. 1986లో, బెర్నిస్ పామర్ ఎలిస్‌గా, ఆ బ్రౌనీనీ ఫొటోలనీ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంకి ఇచ్చేసింది. ఈసారి బేరమేమీ లేదు, విరాళమే.