డిస్కులో ఖాళీ స్థలం – ఫైల్ వ్యవస్థల పనితీరు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనాలు, కడప జిల్లా కలమళ్ళలోని రేనాటి చోళుల శాసనం, సి.పి. బ్రౌన్ కడపలో పండితులచేత సిద్ధం చేయించిన కావ్య ప్రతులు రాయలసీమ పరిశోధనకు ముఖ్యమైన ఆకరాలు. ఇటువంటి ఆకరాలను పరిశోధకులు నేడు ఛాయాచిత్రాలుగా, స్కాన్ ప్రతులుగా కూడా పరిశీలిస్తున్నారు. ఇటువంటి ప్రతులతో డిస్కు నిండేకొద్దీ కంప్యూటర్ మందగించడం పలువురికి అనుభవమే. డిస్కులో మిగిలిన ఖాళీ ఎంత, అది ఎలా అమరి ఉంది అన్నవి ఇందుకు ముఖ్య కారణాలు. ఈ విషయం ఫైల్ వ్యవస్థల చరిత్రలో ఎలా గుర్తింపు పొందిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

తొలి యూనిక్స్ అనుభవం:

ఫైల్ వ్యవస్థ ప్రతి ఫైలునూ బ్లాకులుగా విభజించి డిస్కుపై భద్రపరుస్తుంది. తొలి యూనిక్స్‌లో ఖాళీ బ్లాకుల జాబితా మొదట వరుసగా ఉండేది. ఫైళ్ళు చేరుతూ, తొలగుతూ ఉండగా ఆ వరుస చెదిరేది. అందువల్ల కొత్త ఫైలు బ్లాకులు డిస్కంతటా చెల్లాచెదురయ్యేవి. ప్రతి బ్లాకు కోసం డిస్కు హెడ్ చోటు మారవలసివచ్చేది. సెకనుకు 175 కిలోబైట్ల వరకు ఉన్న వేగం కొన్ని వారాల సాధారణ వినియోగంతోనే 30 కిలోబైట్లకు పడిపోయేది.

బర్క్‌లీ పరిష్కారం:

ఈ లోపాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన మెక్‌క్యూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీలు 1984లో ప్రచురించిన పత్రంలో విశ్లేషించారు. వారి కొత్త వ్యవస్థ ఒక ఫైలు బ్లాకులను వీలైనంత దగ్గరగా అమర్చుతుంది. అలా అమర్చడానికి ఎంచుకోదగిన ఖాళీ చోట్లు అవసరం. డిస్కు పూర్తిగా నిండితే వేగం సుమారు సగానికి తగ్గుతుందని వారు గమనించారు. అందుకే 10 శాతం స్థలాన్ని నిల్వగా ఉంచారు. ఆ హద్దు దాటాక సాధారణ వినియోగదారునికి కొత్త స్థలం దొరకదు. నిర్వాహకునికి మాత్రమే దొరుకుతుంది. నాటి ఖరీదైన డిస్కులలో పదోవంతును వదులుకోవడం చిన్న నిర్ణయం కాదు.

తరువాతి పరిణామాలు:

1993లో లైనక్స్‌కు వచ్చిన ఎక్స్‌ట్2 కుటుంబంలో ఈ నిల్వ సాధారణంగా 5 శాతం; అంటే ఒక టెరాబైటుకు సుమారు 50 గిగాబైట్లు. ఎస్ఎస్‌డీలలో కదిలే హెడ్ లేకపోయినా సమస్య మరో రూపంలో కొనసాగింది. వాటిలో రాసినచోటనే నేరుగా తిరగరాయడం కుదరదు. ముందుగా ఒక పెద్ద ఖండాన్ని చెరపాలి. ఖాళీ తగ్గితే, చెరపబోయే ఖండంలోని పనికివచ్చే సమాచారాన్ని వేరేచోటికి మార్చే భారం పెరుగుతుంది. దానివల్ల వేగం, డిస్కు ఆయుష్షు రెండూ తగ్గుతాయి.

ముగింపు:

ఖాళీ స్థలం వృథా కాదనీ, క్రమాన్ని నిలిపే సాధనమనీ ఈ చరిత్ర నిరూపిస్తున్నది. ఒకసారి వరుసగా రాసి, తరువాత చదవడానికి మాత్రమే ఉంచిన డిస్కు నిండినా పఠన వేగం అంతగా దెబ్బతినదు. పాఠాంతరాలను పోల్చుతూ, చిత్రాలను సవరిస్తూ, తొలగిస్తూ పనిచేసే డిస్కుకే ప్రమాదం ఎక్కువ. కనుక లిఖిత ప్రతుల డిజిటలీకరణ చేపట్టే సంస్థలు భద్రపరచే డిస్కును, పనిచేసే డిస్కును వేరుచేయడం అవసరం. రెండవదానిలోని ఖాళీని ప్రణాళికా దశలోనే లెక్కలోకి తీసుకోవాలి.