దిగిరాని వృషణం – డాప్లర్ చరిత్ర చెప్పే పాఠం

గర్భస్థ మగశిశువు ఉదరంలో ఏర్పడిన వృషణాలు పుట్టే నాటికి సంచిలోకి దిగిరావాలి. ఆ ప్రయాణాన్ని జాన్ హంటర్ 1762లోనే వర్ణించాడు. నెలలు నిండి పుట్టిన మగపిల్లలలో నూటికి సుమారు ముగ్గురిలో అది మధ్యలోనే ఆగిపోతుంది.

1899లో షికాగో సర్జన్ ఆర్థర్ బెవాన్ ఇందుకొక శస్త్రచికిత్సను వివరించాడు. అయితే రక్తనాళాలు పొట్టివైనప్పుడు బలవంతంగా లాగితే రక్తప్రసరణ తగ్గి వృషణం కుంచించుకుపోవచ్చు. ఆ రక్తప్రసరణను పైనుంచి చూసే సాధనం నాడు లేదు.

దానికి మూలసూత్రం మాత్రం 1842లోనే పుట్టింది. కదిలే వస్తువు నుండి వచ్చే తరంగాల పౌనఃపున్యం మారుతుందని క్రిస్టియన్ డాప్లర్ నక్షత్రకాంతి గురించి చెప్పాడు. 1950లలో జపాన్ శాస్త్రజ్ఞుడు షిగెయో సతోమురా దానిని అల్ట్రాసౌండ్‌తో జోడించి గుండె కదలికలను పరిశీలించాడు. 1980లలో కలర్ డాప్లర్ వచ్చి, రక్తప్రవాహం తెరపై ఎరుపు, నీలం రంగులలో కనిపించసాగింది. శస్త్రచికిత్స తరువాత వృషణానికి రక్తం అందుతున్నదో లేదో నేడు ఇలా తెలుసుకోవచ్చు.

కానీ కడుపులో దాగిన వృషణం స్కానింగులో తరచు కనబడదు; కనబడనంత మాత్రాన లేదని అర్థం కాదు. అనుభవజ్ఞుడైన వైద్యుని చేతి పరీక్షే నేటికీ ప్రధానం.

మా విద్యార్థి దశలో “ఐదారేళ్ళు రానివ్వండి” అనేవారు. నేటి సలహా వేరు. ఆరు నెలలు నిండినా వృషణం దిగకపోతే పిల్లల సర్జన్‌కు చూపించండి. పద్దెనిమిది నెలలలోపే శస్త్రచికిత్స జరగాలి. ఆలస్యమైతే భవిష్యత్తులో సంతానసాఫల్యం దెబ్బతినవచ్చు, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. స్కానింగు కోసమని కాలయాపన చేయకండి.