‘రాధికాసాంత్వనము’ – ఒక నిషేధ చరిత్ర

దేహభేదం పుట్టుకతో వస్తుంది. ఎవరు ఏది పలకవచ్చునో విధించేది సమాజం. ఇందుకు చెన్నపట్టణపు అచ్చుపుస్తకమొకటి సాక్ష్యం.

తంజావూరును ప్రతాపసింహుడు ఏలిన కాలంలో (1739–63) ఆస్థాన కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రచించింది. అందులోని శృంగారం స్త్రీ నోట రాదగనిదని, వితంతు వివాహాలు జరిపించిన వీరేశలింగంగారే ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో గర్హించారు. పురుషకవులకు లేని సిగ్గు స్త్రీకే ఎందుకని బెంగుళూరు నాగరత్నమ్మగారు ప్రశ్నించి, 1910లో వావిళ్లవారి ద్వారా కావ్యాన్ని సమగ్రంగా అచ్చువేయించారు. 1911లో ప్రభుత్వం దానిని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వకాలంలో (1946–47) గాని ఆ నిషేధం తొలగలేదు.

కనుక ‘అశ్లీలం’ అన్న మాట కనిపించినప్పుడల్లా, అది ఎవరి రచనకు తగిలించినదో కూడా చూడవలసిందిగా విద్యార్థులను కోరుతున్నాము.