పాతిక మిల్లీమీటర్లు

నీ మోకాళ్ల కింద గోనెపట్టా. దాని కింద మంచులా చల్లబడ్డ సిమెంటు నేల. ఎదురుగా బండి, వెనక చక్రం లేకుండా, ఇంజను కింద చెక్కదిమ్మ ఆసరాతో నిలబడి ఉంది. రేకుల షెడ్డు బయట ఎస్. రాయవరం ఇప్పుడిప్పుడే లేస్తోంది. చెరకు ట్రాక్టరొకటి దడదడలాడుతూ పోతుంటే పళ్లెంలోని నట్లూ వాచర్లూ సన్నగా వణుకుతున్నాయి.

నాన్న బండి ఇది. యమహా ఆర్‌ఎక్స్ 100. మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. 98 సీసీ టూస్ట్రోక్ ఇంజను, 11 గుర్రాల బలం. వెనక టైరు సైజు 2.75-18. అరచెయ్యి అడ్డంగా పెడితే కనపడకుండా పోయేంత సన్నం. వెడల్పు 70 మిల్లీమీటర్లు, అంతే.

కొన్ని నెలలుగా మలుపు తిరిగినప్పుడల్లా బండి వెనక భాగం తోకాడించినట్టు ఊగుతోంది. టైరు సన్నం కాబట్టే ఊగుతోందని నీ నమ్మకం. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వెనకనుంచి చూస్తే వెడల్పు టైరు అందమే వేరు. అందుకే నర్సీపట్నంలో పాత సామాన్ల కొట్టుకెళ్లి, ఎవరిదో 150 సీసీ బండి స్వింగ్ ఆర్మూ, 17 అంగుళాల చక్రమూ, దాని మీద 120/80 టైరూ బేరమాడి తెచ్చావు.

మెకానిక్ బాబాయ్ పాత స్వింగ్ ఆర్మ్‌ని ఇంకా ఊడదియ్యలేదు. దాని రెండు కొసలూ పట్టుకుని పక్కలకి ఊపుతున్నాడు.

కటక్.

"ఇన్నావా బాబూ?"

విన్నావు. తలూపావు. నీ చూపు మాత్రం గోడకి ఆనించిన కొత్త చక్రం మీదే ఉంది.

చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఇంజను వెనక ఒకే ఒక్క బోల్టు మీద ఊగే ఇనప చట్రమే స్వింగ్ ఆర్మ్. మీదికీ కిందికీ ఊగడం దాని పని. పక్కలకి వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

బాబాయ్ నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు.

"ఇదిగో, ఇది బండికి నడిమిద్య. పాత టైరు ఈ పక్కకి 35, ఆ పక్కకి 35. నువ్వు తెచ్చింది 60, 60. ఎడం పక్క 25 ఎక్కువొచ్చింది. ఆ పాతికలోనే చైనుంది. దాన్నెక్కడికి తోసేద్దారి, సెప్పు?"

మాట్లాడే భాషకి పుస్తకంలో చోటు కావాలని పట్టుబట్టిన గురజాడ అప్పారావు 1862లో పుట్టిన ఊరిది. ఈ బాబాయ్ మాటని మార్చి రాయడానికి నాకు చెయ్యి రాదు.

చైనుని ఎక్కడికి తొయ్యాలి? వెనక స్ప్రాకెట్టు కింద వాచరు వేసి బయటికి తోస్తే, ముందు స్ప్రాకెట్టుని కూడా అంతే బయటికి తొయ్యాలి. లేకపోతే చైను వంకరగా లాగుతుంది. ముందుది బయటికి జరిగితే ఇంజను షాఫ్టు బేరింగు మీద బరువు పెరుగుతుంది. నువ్వింకో ఉపాయం చెబుతావు. పాత స్వింగ్ ఆర్మ్‌నే కోసి, మధ్యలో ముక్క అతికించి వెడల్పు చేస్తే?

"నాను కొయ్యను." బాబాయ్ గొంతులో కోపం లేదు. మూలనున్న విరిగిన గొట్టం ముక్క తెచ్చి నీ చేతిలో పెడతాడు. వెల్డింగు చెక్కుచెదరలేదు. దాని అంచు వెంబడి పక్కనున్న ఇనుము మాత్రం గీత గీసినట్టు తెగిపోయింది. వెల్డింగు వేడికి గొట్టం గుణం మారేది అక్కడే. రంగు కింద మొదలైన పగులు కంటికి కనపడదు. అది కనపడే రోజుకి నువ్వు బండి మీద ఉంటావు.

సరే, తెచ్చిందే బిగిద్దాం. దాని బోల్టు గొట్టం మన బండి ఫ్రేములో దూరనంత పొడుగు. నిన్న ఎలమంచిలిలో లేతు మీద రెండు వైపులా సమానంగా అరగదీయించావు, లోపలికి కొత్త బుష్షులు తీయించావు. పక్కనే ఏటికొప్పాక. అంకుడు కర్రని లేతు మీద తిప్పి లక్క బొమ్మలు చేసే ఊరు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ ఉలి మోతని బట్టే లోతు తెలుసుకునే చేతులున్నాయి. నిన్నటి లేతు మనిషీ అలాగే చెవి ఒగ్గి పనిచేశాడు. ఇప్పుడు బోల్టు మెత్తగా జారి లోపలికి వెళ్తోంది.

చక్రం ఎక్కించావు. చైను వేశావు. టైరుకీ చైనుకీ మధ్య కాయితం దూర్చి చూస్తావు.

దూరదు.

"కుడిపక్కకి జరుపుదాం బాబాయ్. 6 మిల్లీమీటర్లు చాలు."

బాబాయ్ ఏమీ అనడు. నువ్వే ఎడమవైపు వాచర్లు పెంచి, కుడివైపు తగ్గించి నట్టు బిగించావు. స్ప్రాకెట్టు కూడా చక్రంతో పాటే కుడికి జరిగింది కాబట్టి దాని కింద ఇంకా వాచర్లు పెట్టి బయటికి తెచ్చావు. కాయితం దూరింది. గుండె తేలికైంది.

బాబాయ్ దారం తీస్తాడు. వెనక టైరు చుట్టూ వేసి, రెండు కొసలూ ముందు చక్రం దాకా బిర్రుగా లాగుతాడు. ముందు టైరు 2.50, అంటే 64 మిల్లీమీటర్లు. చక్రాలు రెండూ ఒకే గీత మీద ఉంటే దారానికీ ముందు టైరుకీ మధ్య అటు 28, ఇటు 28 ఖాళీ ఉండాలి. స్కేలు పెట్టి చదువుతావు. ఎడమ 22. కుడి 34.

రెండు చక్రాలూ రెండు దారులు. నీకు అర్థమైంది. అయినా, "ఒక్కసారి నడిపి చూస్తాను" అంటావు.

"బ్రేకు ప్లేటునెవులు పట్టుకున్నారు?"

వంగి చూస్తావు. వెనక డ్రమ్ము ప్లేటుని స్వింగ్ ఆర్మ్‌కి కలిపి ఉంచే కడ్డీ గాలిలో వేలాడుతోంది. చల్లటి పొద్దున నీకు చెమట పట్టింది. ఆ కడ్డీ లేకుండా బ్రేకు తొక్కితే చక్రంతో పాటు ప్లేటు కూడా తిరిగిపోతుంది. బ్రేకు రాడ్డుని తనకి చుట్టుకుని చక్రాన్ని పట్టేస్తుంది. కడ్డీ బిగించావు. నట్టుకి పిన్ను కూడా దూర్చావు. చేత్తో లాగి మళ్లీ చూశావు.

"ఆపితే ఏటి సెప్తావు?" అన్నది బాబాయ్ రెండో ప్రశ్న. రిజిస్ట్రేషను వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా పడవచ్చు, ఆరు నెలల దాకా జైలూ పడవచ్చు. నీ దగ్గర జవాబు లేదు. బాబాయ్ హెల్మెట్టు తెచ్చి నీ తల మీద తనే పెడతాడు.

కిక్కు. నీలిపొగ. కాలిన ఆయిలు వాసన.

రేవుపోలవరం వైపు రోడ్డు ఖాళీగా ఉంది. అటూ ఇటూ చెరకు. చలిగాలి చొక్కా లోపలికి దూరుతోంది. రెండో గేరు, మూడో గేరు. బండి తిన్నగా పోతోంది కానీ నీ ఎడమ మోచెయ్యి తెలియకుండానే హ్యాండిలుని నెడుతోంది. వదిలితే పక్కకి లాగుతోంది. కాసేపటికి అలవాటవుతుందిలే అనుకుంటావు.

రబ్బరు వాసన.

ముందు చెరకు ట్రాక్టరు. దాని వెనక తొట్టిలోంచి గడలు రోడ్డు మీదికి వేలాడుతున్నాయి. ఎదురుగా ఎడమ మలుపు. బ్రేకు వెయ్యాలా? దాటెయ్యాలా? దాటొద్దు. గేరు తగ్గించావు. బండిని వంచావు.

గర్ర్ మని మోత. వెనకనుంచి. చక్రం బరువుకి స్వింగ్ ఆర్మ్ కొంచెం మెలిపడింది. టైరు చైనుని ఒరుసుకుంటోంది.

గుంత.

టక్.

చైను పళ్ల మీదనుంచి లేచింది. వెనక చక్రం పట్టేసింది. క్లచ్ నొక్కావు. లాభం లేదు. పట్టేసింది ఇంజను కాదు. చైను ఇరుక్కుంది. బండి పక్కకి జారుతోంది. ట్రాక్టరు దగ్గరవుతోంది. హ్యాండిలు తిప్పకు. ముందు బ్రేకు మెల్లగా. మెల్లగా. గడల చివర్లు. మట్టి. కాలు దించు.

ఆగింది.

ట్రాక్టరు మలుపు తిరిగి వెళ్లిపోయింది. దానిమీదున్న మనిషి వెనక్కి చూడనే లేదు. రోడ్డు మీద నల్లటి చార. నీ కుడి కాలు వణుకుతోంది. చైను స్ప్రాకెట్టుకీ కేసుకీ మధ్య నలిగి ఉంది. వేలితో తడుముతావు. ఇంజను కేసు మీద గీత పడింది, పగల్లేదు.

చైను విడిపించి, తోసుకుంటూ షెడ్డుకి వచ్చేసరికి పొద్దెక్కింది. బాబాయ్ నీ మొహం చూసి, ముందు మంచినీళ్ల చెంబిచ్చాడు. తర్వాత బల్ల మీద ఒక చిన్న గొట్టం ముక్క పెట్టాడు. నువ్వు లేనప్పుడు పాత స్వింగ్ ఆర్మ్‌లోంచి తీసిన బుష్షు. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా అరిగిపోయింది. పొద్దున విన్న కటక్ అదే. మలుపుల్లో తోకాడించింది అదే. టైరు తప్పేమీ లేదు.

ఇప్పుడు నేల మీద రెండు స్వింగ్ ఆర్మ్‌లున్నాయి. ఒకటి వెడల్పు, ఒకటి పాతది. కొత్తదాన్ని దారికి తేవచ్చు. టైరు 100కి తగ్గించి, స్ప్రాకెట్లు రెండూ సరిచేసి, దారంతో మళ్లీ కొలిచి. ఓపికున్న మెకానిక్కుకి అసాధ్యమేమీ కాదు. 11 గుర్రాల బండికి అదంతా ఎందుకన్నదే ప్రశ్న. బాబాయ్ ఆ మాట అనడు. నువ్వు చెయ్యి చాచేదాకా ఎదురు చూస్తాడు.

పాతదాన్ని ఎత్తావు. తేలికగా ఉంది.

కొత్త బుష్షులు గ్రీజు పూసుకుని లోపలికి దిగాయి. కొసలు పట్టుకుని నువ్వే ఊపావు. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా ఊపావు. బండి మొత్తం కదిలింది తప్ప ఆ చోటు కదల్లేదు. అదే 18 అంగుళాల చక్రం, అదే 2.75 సైజు, టైరు మాత్రం కొత్తది. బాబాయ్ దారం కట్టి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని స్కేలు నీకిచ్చాడు.

ఎడమ వైపు 3.

లేచి, అటు తిరిగి, మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంటావు. కుడి వైపు 3.