ప్రసంగాల వెనుక ఓట్ల లెక్క

ఐక్యరాజ్య సమితిలో మన ప్రతినిధుల చరిత్ర అనగానే ముందు గుర్తొచ్చేది ప్రసంగమే. 1957 జనవరి 23, 24 తేదీల్లో భద్రతా మండలిలో కశ్మీర్ మీద వి.కె. కృష్ణమీనన్ దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడిన సంగతి పోటీ పరీక్షలు రాసే పిల్లలకు కంఠతా వచ్చు. ఆ ప్రసంగం ముగిసిన రోజునే మండలి ఏం చేసిందో మాత్రం చాలామందికి తెలియదు. కశ్మీర్ రాజ్యాంగ సభ ఏ నిర్ణయం తీసుకున్నా దానితో ఆ ప్రాంత భవిష్యత్తు తేలిపోయినట్టు కాదంటూ 122వ తీర్మానాన్ని పది ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. సోవియట్ యూనియన్ కూడా తటస్థంగా ఉండిపోయింది. నెల తిరగకముందే, ఫిబ్రవరి 20న, మరో ముసాయిదాను సోవియట్ వీటో అడ్డుకోబట్టి మనం గట్టెక్కాం. మీనన్ వాదనలో పస లేదని నేననడం లేదు. అప్పుడు ప్రతినిధి వర్గానికి నాయకుడాయన. న్యూయార్క్‌లో ఏడాది పొడవునా ఉండి పని చూసుకునే శాశ్వత ప్రతినిధి ఆర్థర్ లాల్. లాల్ పేరు ఇవాళ ఎందరికి తెలుసు? ఆ కుర్చీలో కూర్చున్నవారి పనితనాన్ని మాట్లాడిన గంటలతో కాక, చేతులెత్తే సమయానికి ఎన్ని దేశాలను తమ వైపు తెచ్చుకోగలిగారన్న లెక్కతో కొలవాలని నా వాదన.

ఆ కొలత మనకు మొదటి నుంచీ ఉంది. 1946లో దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడి మూడు నెలలే. దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల సాగుతున్న వివక్షను విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని ప్రతినిధి వర్గం సర్వప్రతినిధి సభ ముందు పెట్టింది. అది తమ ఇంటి వ్యవహారమని దక్షిణాఫ్రికా వాదించింది, బ్రిటన్ దాన్ని సమర్థించింది. నెగ్గాలంటే మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. డిసెంబరు 8న అనుకూలంగా 32, వ్యతిరేకంగా 15 ఓట్లు పడ్డాయి. ఏడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఒక్క దేశం అటు నుంచి ఇటు మారినా తీర్మానం వీగిపోయేది. చివరికి సొంత జెండా కూడా లేని దేశం, తనను పాలిస్తున్న దేశాన్నే ఓడించి సాధించిన గెలుపు అది. ఆ పండిట్ 1953లో సర్వప్రతినిధి సభకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. అయినా శాశ్వత ప్రతినిధి పదవిలో ఒక మహిళను, రుచిరా కంబోజ్‌ను, కూర్చోబెట్టడానికి మనకు 2022 దాకా పట్టింది. అంత ఆలస్యానికి సరైన కారణం ఏదీ నాకు కనిపించదు.

రాయబారికి సొంత పాత్ర ఎక్కడిది, ఢిల్లీ పంపిన తంతిని చదివి వినిపించడమే కదా అని ఒక అభ్యంతరం ఉంది. అది చాలా వరకు నిజం. 1979 డిసెంబరులో అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు దిగాక, 1980 జనవరిలో సమితిలో చర్చ జరిగినప్పుడు, కాబూల్ ప్రభుత్వం పిలిస్తేనే వచ్చాయన్న ధోరణిలో మన శాశ్వత ప్రతినిధి బ్రజేష్ మిశ్రా మాట్లాడారు. ఆ మాటల వెనుక ఉన్నది అప్పుడే ఎన్నికల్లో గెలిచిన ఇందిరాగాంధీ వైఖరి. 104 దేశాలు సేనలు వెనక్కి పోవాలని ఓటేస్తే మనం తటస్థంగా ఉండిపోయాం. అలీన దేశాల్లో మనకున్న పరువు దానివల్ల కొంత తగ్గింది. అయితే ఆదేశం రాని ఘడియ కూడా ఒకటి ఉంటుంది. 1950 జూన్‌లో భద్రతా మండలి అధ్యక్ష స్థానం మనది, అందులో కూర్చున్నది బెనెగళ్ నర్సింగరావు. రాజ్యాంగ రచనకు సలహాదారుగా పనిచేసిన న్యాయకోవిదుడాయన. ఉత్తర కొరియా దాడిని ఖండిస్తూ 25న వచ్చిన తీర్మానానికి ఓటేశారు. 27న దక్షిణ కొరియాకు సైనిక సాయం అందించాలన్న తీర్మానం వచ్చింది. ఢిల్లీ నుంచి కబురు కోసం సమావేశాన్ని కొన్ని గంటలు ఆపారు. రాత్రయినా కబురు రాలేదు. తన ఊహతో దేశాన్ని యుద్ధానికి ముడిపెట్టడం ఇష్టం లేక రావు ఆ ఓటింగులో పాల్గొనలేదు. రెండు రోజుల తర్వాత ఢిల్లీ ఆ తీర్మానాన్ని అంగీకరించింది. సైన్యం మాత్రం పంపలేదు. అధ్యక్ష స్థానంలో ఉండి ఓటు వేయకపోవడం బలహీనత అని అప్పుడు అనుకున్నవారు ఉండొచ్చు. కానీ అదే ఏడాది డిసెంబరులో కాల్పుల విరమణకు దారి వెతకడానికి ముగ్గురు సభ్యుల బృందాన్ని వేసినప్పుడు, కెనడాకు చెందిన పియర్సన్, ఇరాన్‌కు చెందిన ఎంతెజామ్ పక్కన మూడో మనిషిగా అందరికీ ఆమోదమైన పేరు రావుదే. తంతి మోసే మనిషికి ఆ నమ్మకం దక్కదు.

ఓట్ల లెక్కే గీటురాయి అయితే 1971 బంగ్లాదేశ్ యుద్ధం సంగతేమిటి అని అడగొచ్చు. నా వాదనకు ఇది గట్టి పరీక్షే. డిసెంబరు 7న వెంటనే కాల్పులు ఆపి సేనలు వెనక్కి తీసుకోవాలన్న తీర్మానానికి సర్వప్రతినిధి సభలో 104 ఓట్లు పడ్డాయి, మన వైపు 11. సమర్ సేన్ మండలిలో ఎంత దీటుగా వాదించినా, కోటి మంది శరణార్థుల భారాన్ని ఎంత వివరంగా చెప్పినా లెక్క మారలేదు. ఇక్కడ మాటకు ఓటును మించిన విలువ ఉందని ఒప్పుకుంటాను: తూర్పు బెంగాల్ ప్రజల గోడు ప్రపంచ రికార్డుకు ఎక్కిందంటే ఆ వాదన వల్లే. కానీ యుద్ధాన్ని తేల్చింది సైన్యం, మండలిలో కాపాడింది మళ్లీ సోవియట్ వీటో. ఆ తర్వాత బంగ్లాదేశ్‌కు సభ్యత్వం ఇప్పించడానికి 1972లో చేసిన ప్రయత్నాన్ని చైనా వీటో చేసింది. 1974 సెప్టెంబరులో గానీ ఆ దేశం సమితిలో అడుగుపెట్టలేదు. వాదన గెలిచిన చోట కూడా మిగిలిన పని ఓటు కోసమే సాగింది.

అసలు పాఠం 1996లో దొరికింది. సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం సెప్టెంబరులో ఓటుకు వచ్చినప్పుడు 158 దేశాలు ఒక వైపు, మనమూ భూటాన్, లిబియా మరో వైపు. నెల దాటగానే మండలిలో ఆసియా సీటు కోసం జపాన్‌తో పోటీపడ్డాం. జపాన్‌కు 142, మనకు 40. మన అణు విధానం సరైనదేనని నమ్ముతూనే ఈ మాట అంటున్నాను: సరైన వైఖరి ఉంటే చాలు, ఓట్లు వాటంతట అవే వస్తాయనుకోవడం పొరపాటు. 1992 చివర ఖాళీ చేసిన ఆ సీటులో మళ్లీ కూర్చోవడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సీటుకు 2010 అక్టోబరులో ఎన్నిక జరిగినప్పుడు హర్‌దీప్ సింగ్ పురి రాయబారి. పోటీలో ఉన్న కజకిస్తాన్ ముందే తప్పుకుంది, మనకు 187 ఓట్లు వచ్చాయి. ఆ గెలుపు ఓటింగు రోజుది కాదు, అంతకు ముందు ఏళ్ల తరబడి చేసిన పనిది. తర్వాతి దఫా మరీ స్పష్టం: 2019 జూన్‌లో ఆసియా పసిఫిక్ బృందంలోని 55 దేశాలూ మన అభ్యర్థిత్వాన్ని బలపరిచేలా చూసింది సయ్యద్ అక్బరుద్దీన్ బృందం, 2020 జూన్‌లో 184 ఓట్లు పడే నాటికి ఆయన పదవీ విరమణ చేశారు, కుర్చీలో తిరుమూర్తి ఉన్నారు.

హైదరాబాదీ అయిన అక్బరుద్దీన్ పేరు నిలబెట్టింది 2017 నాటి అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నిక. చివరి స్థానానికి మన దల్వీర్ భండారీ, బ్రిటన్ న్యాయమూర్తి గ్రీన్‌వుడ్ మిగిలారు. గెలవాలంటే సర్వప్రతినిధి సభలోనూ, భద్రతా మండలిలోనూ మెజారిటీ రావాలి. రెండు చోట్లా ఒకే సమయంలో రహస్య ఓటింగు, కాగితం చీటీల మీద. పదకొండో విడతలో సభ 121–68తో భండారీని కోరింది, మండలి 9–5తో గ్రీన్‌వుడ్‌ను కోరింది. పన్నెండో విడతకు ముందు, నవంబరు 20న, బ్రిటన్ తన అభ్యర్థిని వెనక్కి తీసుకుంది. 1946 నుంచి ఆ న్యాయస్థానంలో బ్రిటన్ న్యాయమూర్తి లేకపోవడం అదే మొదలు.

ఇదంతా దేశం ఆర్థికంగా ఎదిగినందువల్లనే, రాయబారుల గొప్పేమీ లేదనేవారు ఉన్నారు. జపాన్ చేతిలో ఓటమికి ఆ దేశపు సంపద ఒక కారణమే, కాదనను. కానీ బలమే సర్వస్వమైతే 2017లో శాశ్వత సభ్యత్వం ఉన్న బ్రిటన్ ఓడకూడదు, 1946లో పరాధీన భారతం గెలవకూడదు. బలం తలుపు తీయిస్తుంది. లోపలికి వెళ్లి ఓటు అడగాల్సింది మనిషే. చిన్న ద్వీప దేశమైనా పెద్ద దేశమైనా సర్వప్రతినిధి సభలో ఓటు ఒక్కటే కాబట్టి ఆ అడగడం దాదాపు రెండు వందల గుమ్మాల దగ్గర జరగాలి. ఆ శ్రమ వార్తల్లోకి రాదు, అందుకే చరిత్రలోకీ రావడం లేదు. మన విశ్వవిద్యాలయాలు ఈ రాయబారుల పనిని ఓటింగు రికార్డులు ముందు పెట్టుకుని అధ్యయనం చేయాలి.

ఇప్పుడు శాశ్వత ప్రతినిధి బాధ్యత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన పర్వతనేని హరీశ్‌ది. ఆయన ముందున్న పని మండలిలో శాశ్వత స్థానం. దానికి సమితి ఛార్టర్‌ను సవరించాలి: 193 దేశాల్లో 129 ఓట్లు కావాలి, ఆ తర్వాత అన్నే దేశాల చట్టబద్ధమైన ఆమోదం కావాలి, ఆ ఆమోదించిన దేశాల్లో ఇప్పటి ఐదు శాశ్వత సభ్య దేశాలూ తప్పకుండా ఉండాలి.