పన్ను బకాయి భూముల అమ్మకం (ఒంటారియో)

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆస్తిపన్ను కట్టని స్థలాలను మునిసిపాలిటీ అమ్మి బాకీ రాబట్టుకునే పద్ధతి ఇది. దీనికి ఆధారం 2001 నాటి మునిసిపల్ చట్టం. బకాయి పేరుకున్న ఆస్తిపై ముందు బకాయి ధ్రువపత్రం రిజిస్టరు చేస్తారు. ఆపై ఏడాదిలోగా పన్ను, వడ్డీ, ఖర్చులు అన్నీ చెల్లిస్తే అమ్మకం ఆగిపోతుంది. లేదంటే టెండరో, బహిరంగ వేలమో జరుగుతుంది.

టెండరులో ఆ బాకీ మొత్తమే కనీస ధర. టెండరు కవరులో రాసిన మొత్తంలో కనీసం 20 శాతం డిపాజిట్ పెట్టాలి. నెగ్గినవారు 14 రోజుల్లో మిగతా సొమ్ము కట్టకపోతే ఆ డిపాజిట్ పోయినట్టే. బాకీకి మించి వచ్చిన డబ్బు కోర్టులో జమవుతుంది. పాత యజమాని, అప్పులిచ్చినవారు దానికోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఇల్లు పోగొట్టుకున్నవారికి ఇది న్యాయమైన ఏర్పాటు.

చిక్కంతా కొనేవారికే. స్థలం లోపలికి తీసుకెళ్లి చూపించే బాధ్యత మునిసిపాలిటీకి లేదు. హక్కుకు, హద్దులకు, స్వాధీనానికి హామీ ఇవ్వదు. ఇంట్లో ఎవరైనా ఉంటే ఖాళీ చేయించుకోవలసింది కొన్నవారే. ఇతరులకున్న దారి హక్కుల వంటివి భూమితోపాటే వస్తాయి. రోడ్డు లేని అడవి ముక్క, కట్టడానికి అనుమతి దొరకని చిత్తడి నేల కూడా అమ్మకానికి రావచ్చు. టెండరు వేయకముందే రికార్డులను లాయరుచేత పరిశీలింపజేసుకుని, నిర్మాణ నిబంధనలను మునిసిపాలిటీలో తెలుసుకోవాలి.